జీతం లేని చేతులు

రోజారమణికి పదకొండు రోజులు తక్కువ. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు. మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఒక పాలెం. పెంచల్ అక్కడ పడవ మీద వేటకు పోతాడు. అతని భార్య రోజారమణి ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు. బిడ్డ చిట్టికి రెండున్నరేళ్ళు. మామూలు కాన్పులు డాక్టరు కోసం చూడకుండా తన చేతుల మీద చేసే నర్స్ ప్రాక్టీషనర్ కావాలని రోజారమణి ట్రైనింగులో చేరింది. చివరి రెండు నెలలు నెల్లూరులో హాస్టల్లో ఉండి కాన్పుల వార్డులో పని చేయాల. బిడ్డను ఎవరు చూస్తారు? మొగుడూ పెళ్ళామూ ఆలోచించి ఆ రెండు నెలల్ని వేట నిషేధానికి సరిపెట్టినారు. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. పెంచల్ ఇంట్లో ఉంటాడు. నాయన దగ్గర బిడ్డ, వార్డులో అమ్మ.

మధ్యలో చిట్టికి జ్వరం తగిలింది. సూదులు పొడిపించినా తగ్గలేదు. రోజారమణి పదకొండు రోజులు ఇంట్లో ఉండిపోయింది. ఆ పదకొండూ తిరిగి చేస్తేనే సంతకం అని, వార్డులో ట్రైనింగు చూసే ఎలిశబెతు మేడం లాగ్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసింది. నిషేధం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఈ రోజుతో అయిపోతుంది. తెల్లారితే పడవలు కదుల్తాయి.

జూన్ పద్నాలుగు. మధ్యాన్నం రెండు గంటలు.

ఆరో నంబరు బెడ్ మీద చెంచమ్మ. ఇరవై ఏళ్ళ పిల్ల. కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటల మీద మొగుడూ ఆమే కావలి ఉంటారు. తొలి కాన్పు. తల్లి లేదు. అక్కను పిలుచుకొస్తానని మొగుడు పొద్దున బస్సెక్కి పోయినాడు. ఇంకా రాలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా చెంచమ్మ రోజారమణి చేయి పట్టుకుంటుంది. మణికట్టు మీద గోళ్ళ గుర్తులు పడినాయి.

ఆ వార్డులో ఒక కట్టుబాటు. ఒక తల్లి చేయి పట్టుకున్న నర్సు బిడ్డ బయటపడేదాకా ఆ చేయి వదలకూడదు. ఇంకొకరికి అప్పజెప్పి పోతే ఆ కాన్పు ఆమె పుస్తకంలోకి ఎక్కదు. "నొప్పి పడేదాని ముందర ముఖాలు మార్చబాకండి" అని ఎలిశబెతు మేడం మొదటి రోజే చెప్పింది. తర్వాత ఇంకోసారి చెప్పలేదు.

తోటి నర్సు రెజీనా తలుపు సందులో తల పెట్టింది.

"రోజక్కా, బయట మీ అత్తమ్మ. చేపల బుట్టా తెచ్చింది, బిడ్డనూ తెచ్చింది. వాచ్‌మన్ బుట్టను రానీయనంటే, ఆమె వాచ్‌మన్నే రానీయనంటా ఉంది."

బిడ్డ అన్న మాట విన్నాక రోజారమణికి తక్కినది వినపడలేదు. చిట్టిని చూసి పంతొమ్మిది రోజులయింది.

చెంచమ్మ ఆమె ముఖం చూసింది. చేయి వదిలింది.

"పో అక్కా. చూసిరా. నొప్పి వస్తే నేనే అరుస్తాలే. నా గొంతు గుంటల కాడ నాలుగు కట్టలు దాటి వినపడతది."

వార్డు బయట గ్రిల్ తలుపు. ఆ పక్క నాగులమ్మ గొంతుక్కూర్చుని ఉంది. పెంచల్ తల్లి. నిషేధం రోజుల్లో ఎండుచేపలు తెచ్చి నెల్లూరులో అమ్ముతుంది. ఒక పక్క ఖాళీ బుట్ట. ఆమె వీపు వెనకాల చిట్టి.

"చిట్టీ."

చిట్టి తొంగి చూసింది. ఎదురుగా ఆకుపచ్చ గౌను, తల మీద టోపీ, మెడలో మాస్కు. చూసి అవ్వ కొంగులో ముఖం దాచుకుంది.

"సూది వద్దు నర్సమ్మా. నేను మంచి దాన్ని."

రోజారమణి టోపీ తీసింది. మాస్కు తీసింది. జుట్టు ముందుకు వేసుకుంది. ఇంట్లో ఎట్ట ఉంటుందో అట్ట. చిట్టి చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి గ్రిల్లులో నుంచి ఒక వేలు పెట్టింది. ఒక్క వేలే. రోజారమణి ఆ వేలు పట్టుకుని నిలబడింది. వేలి మీద ఉప్పు ఉంది. సముద్రం ఉప్పో, అవ్వ బుట్ట ఉప్పో తెలియలేదు. పెదాలకు ఆనించుకుంది.

గ్రిల్ తీసి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. తలలో వాసన చూసింది. ఎండ, ఇసుక, కొబ్బరినూనె. పిలక చూసి నవ్వొచ్చింది.

"ఇదేంది అత్తా? జుట్టుకు వల నూలు?"

"నీ మొగుడి పనే. రిబ్బన్లు ఊడిపోతా ఉండాయంట. వలకు వేసే ముడి వేసినాడు. నేను పళ్ళతో లాగినా రాలా. నాకుండేవి నాలుగు పళ్ళు. ఇవి కూడా దాని పిలకకు ఇచ్చేస్తే నేను కూడేం తినాల?"

నీలం నూలు. బిగి ముడి. రోజారమణి గోటితో విప్పడం మొదలుపెట్టింది. చిట్టి కదలకుండా కూర్చుంది.

"రోజా, నేను ఉత్త మాటలకు రాలా" అన్నది నాగులమ్మ. "పెంచల్ రేపు పడవ ఎక్కడంట."

రోజారమణి వేళ్ళు ఆగినాయి.

"నిన్న ఫోన్లో అమ్మ చూసుకుంటది అన్నాడే. నువ్వు నీ పని చేసుకో అన్నాడే."

"అమ్మ చూసుకునింది. నాలుగు రోజుల కింద చూసుకునింది. ఒడ్డున నేను కూర్చుని ఉండాను, ఇది గవ్వలు ఏరతా ఉంది. నేను చూస్తా ఉండగానే అలలోకి పోయింది. అరిచినా. లేచినా. నా మోకాళ్ళు ముందుకు పడలా." నాగులమ్మ తన మోకాళ్ళ వైపు పరాయివాళ్ళను చూసినట్టు చూసింది. "వాడు వల పారేసి దూకినాడు. ఎత్తుకొచ్చినాడు. ఆ పొద్దు నుంచి దీని నడుముకు తాడు కట్టి, ఆ కొస పడవకు కట్టి, పక్కన వల కుట్టుకుంటాడు. అమ్మకు ఇచ్చి పోను అంటాడు. నీకు చెప్పొద్దన్నాడు."

రోజారమణి బిడ్డను దగ్గరికి లాక్కుంది. చిట్టికి నొప్పి పుట్టి, "అమ్మా, మెల్లగా" అన్నది.

అమ్మా అన్నది. అది వినాలనే పంతొమ్మిది రోజులు ఎదురుచూసింది. వినే పూట ఇట్ట వచ్చింది.

"దురాయి సంగతి నీకు తెలుసు" అన్నది నాగులమ్మ.

తెలుసు. దురాయి అంటే పాలెం పెద్దలు వేసే కట్టు. నిషేధం అయినాక మొదటి వేటకు పడవలన్నీ ఒకేసారి పోవాల, ఎవరి చోట వాళ్ళు ఉండాల. కారణం లేకుండా ఆగినవాడి చోటు మళ్ళీ నిషేధం దాకా ఇంకొకరిది. పెంచల్‌ది చుక్కాని చోటు. వాళ్ళ నాయన నిలబడిన చోటు.

"నాతో రా" అన్నది నాగులమ్మ. "ఇప్పుడే. నీ పుస్తకం వచ్చే ఏడు కూడా ఉంటది. వాడి చోటు ఉండదు."

"వచ్చే ఏడంటే రెండు నెలలూ మొదటి నుంచి అత్తా. అప్పుడు మాత్రం బిడ్డను ఎవరు పట్టుకుంటారు?"

"అప్పుడు చూసుకుందాములే."

"మన పాలెంలో ఎవరికి నొప్పులొచ్చినా ఆటోలో పడేసి నెల్లూరికి తెస్తా ఉండాము. సగం దారిలో ఎంతమంది కన్నారో నీకు తెలవదా? ఈ సంతకం ఉంటే మన కేంద్రంలోనే నేను చేస్తా."

"చేద్దువులే. పాలెం బిడ్డలందరినీ నువ్వే పట్టుకుందువు. అప్పటికి నీ బిడ్డ నిన్ను చూసి సూది వద్దు అనకుండా ఉండాల గదా."

రోజారమణి వేళ్ళు మళ్ళీ కదిలినాయి. ముడి విప్పుతా ఉంది. ఒక కొస వదులయింది. ఇంకొక్క మెలిక.

లోపల నుంచి చెంచమ్మ అరిచింది. నాలుగు కట్టలు దాటే గొంతే.

"అక్కా!"

రోజారమణి చిట్టిని అవ్వ ఒళ్ళో పెట్టింది. చిట్టి ఆమె గౌను పట్టుకుంది. ఒక్కొక్క వేలే విడిపించింది. ఐదు వేళ్ళు విడిపించేసరికి చెంచమ్మ రెండోసారి అరిచింది.

"అత్తా, కాన్పు కానీ. అయినాక చెప్తా."

"ఏం చెప్తావు?"

"తెలవదు."

టోపీ పెట్టుకుంటా లోపలికి పోయింది. వెనకాల చిట్టి ఏడుపు. తలుపు పడినాక కూడా వినపడింది.

ఎలిశబెతు మేడం బెడ్ దగ్గర నిలబడి ఉంది. అరవై దగ్గర పడిన మనిషి. పొడి మాటలు. చార్టు చూసింది, చెంచమ్మ నుదురు తుడిచింది.

"ఈమెకు ఆడతోడు ఎవరూ రాలేదా?"

"ఇంకా రాలేదు మేడం."

"బయట బుట్ట పెట్టుకుని కూర్చున్నామె ఎవరు?"

"మా అత్త మేడం."

"పిలువు. ఎవరో ఒకరు వీపు రాస్తా ఉంటే ఈ పిల్లకు ధైర్యం వస్తుంది."

"ఆమె రాదు మేడం. ఇంట్లో పడవ ఉంది."

మేడంకు అర్థం కాలేదు. రోజారమణి చెప్పింది. కన్నతల్లి తర్వాత పురిటిబిడ్డను మొదట ఏ ఇంటి ఆడది చేతిలోకి తీసుకుంటే, ఆ ఇంటికి పురుడు వచ్చినట్టే. మైల పోయేదాకా ఆ ఇంటివాళ్ళు పడవను ముట్టరు. మా పాలెంలో అట్ట.

"మరి నువ్వు? రోజూ పట్టుకుంటా ఉండావే?"

"నా పెళ్ళప్పుడు పాలెం పెద్ద కామాక్షయ్య తీర్పు చెప్పినాడు మేడం. జీతం తీసుకునే చేతికి మైల లేదని."

మేడం ముఖంలో నవ్వు వచ్చీ రానట్టు వచ్చింది.

"సముద్రానికి జీతాల సంగతి కూడా తెలుసన్నమాట."

తానే బయటికి పోయి అడిగింది. నాగులమ్మ దండం పెట్టింది.

"నేను రాను మేడమ్మా. రేపు పొద్దున గంగమ్మకు పొంగలి పెట్టేది నేనే. నన్ను అడగబాకండి."

మేడం ఇంకోమాట అనకుండా వచ్చేసింది.

మూడయింది. నాలుగయింది. చెంచమ్మను నడిపించినారు, ఎడమ పక్కకు పడుకోబెట్టినారు, మళ్ళీ నడిపించినారు. కడుపులో బిడ్డ గుండె సక్రమంగానే కొట్టుకుంటా ఉంది. చెంచమ్మ గుండెలోనే బలం పోతా ఉంది. ఇప్పుడు అక్కా అని పిలవడం లేదు. అమ్మా అంటా ఉంది. లేని అమ్మను. నొప్పి వచ్చినప్పుడు పెద్దగా, తగ్గినాక మెల్లగా, అమ్మా అమ్మా అని.

రోజారమణి ఆమె చేయి పట్టుకునే ఉంది. కళ్ళు మాత్రం తలుపు సందు మీదికి పోతా ఉండాయి. గ్రిల్ దగ్గర నాగులమ్మ కనపడతా ఉంది. చెంచమ్మ అమ్మా అన్నప్పుడల్లా బుట్టను ఇటు జరుపుతుంది. మళ్ళీ అటు జరుపుతుంది. చిట్టి ఆమె తొడ మీద నిద్రపోయింది. పిలక సగం విప్పి ఉంది.

కాసేపయినాక చూస్తే అక్కడ బుట్ట ఒక్కటే ఉంది.

తలుపు తెరుచుకుంది. నాగులమ్మ. కొంగు నడుముకు చుట్టింది. మోచేతుల దాకా కడుక్కున్న చేతులు, నీళ్ళు కారతా ఉండాయి.

"ఎవుర్తివే నువ్వు? పొద్దుట్నుంచి అమ్మా అమ్మా అని పిలస్తా ఉండావు? వచ్చినా. ఇంక అరవబాక."

చెంచమ్మ ఎవరని అడగలేదు. రెండు చేతులూ చాపింది.

"అత్తా, వద్దు" అన్నది రోజారమణి. "రేపు పడవలు..."

"నాకు నేర్పబాక. నీ పని చూడు."

"చిట్టి?"

"ఆ లావు నర్సు ఎత్తుకునింది. బిస్కెట్లు పెడతానంది."

నాగులమ్మ చెంచమ్మ వెనకాల చేరింది. చంకల కింద చేతులు పెట్టి తన రొమ్ముకు ఆనించుకుంది. నడుం మీద అరచేత్తో రాసింది. ఆ రాయడం ఏ పుస్తకంలోనూ లేదు. ఎలిశబెతు మేడం చూస్తా నిలబడింది, అడ్డం చెప్పలేదు.

"ఊపిరి ఆపబాక మే. అల వస్తా ఉంది అనుకో. అల మీద ఎక్కాల. కిందికి పోతే మింగుతది. ఎక్కు. ఆ. దిగు. ఇంకోటి వస్తది, రానీ."

చెంచమ్మ ఎక్కింది, దిగింది. ముప్పావు గంట. ఐదు దాటినాక తల కనపడింది. రోజారమణి గొంతు నిదానంగా వచ్చింది. ఇప్పుడు ముక్కబాక, ఊదు, ఊదు. రెండు చేతుల్లోకి బిడ్డ జారింది. ఆడబిడ్డ. ఒక క్షణం ఊరుకుని, తర్వాత తల్లి గొంతుతోనే అరిచింది.

బిడ్డను తల్లి రొమ్ము మీద పెట్టింది. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగినాక దాన్ని కోసింది. మాయ పడింది. అంతా సవ్యంగా అయింది. అప్పుడు చెంచమ్మకు వణుకు వచ్చింది. పళ్ళు టకటకమన్నాయి. చేతులు నిలవలేదు.

"బిడ్డను తీసుకో. ఈమెకు దుప్పటి కప్పుతా" అన్నది మేడం.

రోజారమణి బిడ్డను గుడ్డలో చుట్టింది. ఉయ్యాల తొట్టి వైపు తిరిగింది. మధ్యలో నాగులమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ చాపి.

"ఇట్ట ఇయ్యి."

"అత్తా, ఒకసారి ఆలోచించుకో."

"ఆలోచించుకునే చాపినా."

రోజారమణి ఇచ్చింది. నాగులమ్మ తీసుకుంది. బిడ్డ ముఖం వెలుతురుకు తిప్పి చూసింది. ముక్కు బాగుందన్నది. తర్వాత బిడ్డ మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే అడిగింది.

"రోజా, మన పాలెంలో పురుడు ఎన్ని రోజులే?"

"పదకొండు."

"నీకు తక్కువైంది ఎన్ని?"

రోజారమణి గ్లౌజులు తీస్తా ఉండింది, ఒకటి చేతికే ఉండిపోయింది. పురుడొచ్చిన ఇంటి మగవాడు పడవ ముట్టకూడదు. ముట్టమని ఏ పెద్దా అనలేడు. మైల పోయేదాకా అతని చోటు అతనిదే, ఇంకొకరు నిలబడరు. అది కూడా దురాయే. పదకొండు రోజులు పెంచల్ ఒడ్డున ఉంటాడు. చిట్టి నడుం తాడు అతని చేతిలో ఉంటుంది. పదకొండు రోజులు తాను ఇక్కడ ఉండొచ్చు.

"అత్తా..."

"ఏడవబాక. పసిబిడ్డ మీద పడతాయి."

ఎలిశబెతు మేడంకు ఇదేమీ తెలియదు. లాగ్‌బుక్ తెచ్చి ఆ కాన్పుకు సంతకం పెట్టింది. తోడున్నవాళ్ళ పేరు అన్న చోట నాగులమ్మ అని రాసుకోమన్నది. రోజారమణి రాసింది. అక్షరాలు వంకర పోయినాయి.

గ్రిల్ దగ్గర నాగులమ్మ తన బటన్ ఫోన్ కోడలి చేతికిచ్చింది.

"కామాక్షయ్యకు కలుపు. గట్టిగా వినపడేది నొక్కు. నాకు చెవిలో పెట్టుకుంటే సగం సముద్రమే వినపడతది."

కామాక్షయ్య ఎత్తినాడు. వెనకాల ఇంజన్లు పరీక్ష పెడతా ఉండే చప్పుడు.

"కామాక్షయ్యా, నాగులమ్మను. మా ఇంటికి పురుడొచ్చింది."

"ఏందొదినా, నీ కోడలు కడుపుతో ఉన్నట్టు పాలెంలో ఎవరికీ చెప్పలేదే?"

"నీ ఎగతాళి తర్వాత. కోట పిల్ల. తోడెవరూ లేరు. బిడ్డ నా చేతిలోకొచ్చింది."

ఇంజన్ ఒకటి ఆగింది. కామాక్షయ్య గొంతులో నవ్వు కూడా ఆగింది.

"యాడ?"

"నెల్లూరులో."

"నీ కోడలు పని చేసే వార్డులోనా?"

"ఆ."

"పొద్దున పెంచల్ నా కాడికొచ్చి రేపు ఎక్కనని చెప్పి పోయినాడు. ఎక్కనన్న పూటే పురుడు కూడా వచ్చిందా వదినా?"

"కాన్పు నా మాట వింటదా? అదెప్పుడొస్తే అప్పుడే."

"కాన్పు వినదు. చేయి వింటది. నేను అడగను. నేను అడిగితే బాగుండదు. గంగమ్మ తల్లి అడగాల. రేపు తెల్లారి పడవలు కదిలే ముందర గంగమ్మ కాడికి రా. గుడి తట్టుకు రాబాక, మైల. ఇసుకలో దూరంగా నిలబడు. అందరూ వినేటట్టు ఒక్క మాట చెప్పు. ఆ బిడ్డను కావాలని తీసుకోలేదని. చెప్తే పెంచల్ చోటు పదకొండు రోజులు అట్టే ఉంటది. నా పూచీ."

"చెప్పకపోతే?"

"నీకు తెలవంది కాదు వదినా."

ఫోన్ ఆగిపోయింది.

నాగులమ్మ బుట్ట మీద కూర్చుంది. పదేళ్ళ కింద మొగుడి పడవ తిరిగి రాని నాడు, ఆమె గంగమ్మ ముందర నిలబడి తల్లిని నోరారా తిట్టింది. తిట్టింది గానీ అబద్ధం చెప్పలేదు. ఆ ముందూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. పాలెంలో ఎవరి మధ్యనన్నా తగువు వస్తే నాగులమ్మ మాట ఏందో కనుక్కోండి అంటారు.

రెజీనా చిట్టిని ఎత్తుకొచ్చి ఇచ్చింది. నిద్ర మత్తులో ఉంది. బిస్కెట్టు పొడి బుగ్గ మీద. రోజారమణి గౌను విప్పేసింది, చీరతో ఉంది. బిడ్డను భుజాన వేసుకుని పిలక అందుకుంది. మిగిలిన మెలిక విప్పింది. నూలు చేతిలోకి వచ్చింది. జుట్టు విడిపోయి ఆమె మెడ మీద పడింది. చిట్టి కళ్ళు తెరవకుండానే ముక్కుతో ఆమె గొంతు కింద వెతికింది. దొరికినట్టుంది. అక్కడే ఆగింది.

రోజారమణి బస్సు దాకా మెల్లగా నడిచింది. మామూలుగా మూడు నిమిషాల దారి. ఎంతసేపు పట్టించగలదో అంతసేపు పట్టించింది. నాగులమ్మ కూడా తొందర పెట్టలేదు.

మైపాడు బస్సు నిలబడి ఉంది. డ్రైవరు ఎక్కినాడు. రోజారమణి బిడ్డను అత్త భుజం మీదికి మార్చింది. చిట్టి ఈసారి ఏడవలేదు. ఏడిచినా బాగుండేదనిపించింది.

"అత్తా" అన్నది. "నువ్వు ఆ పిల్ల అమ్మా అని పిలిస్తే తట్టుకోలేక వచ్చినావు. అంతే గదా?"

నాగులమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. తీసేసింది. వెనక్కి తిరిగింది. పొద్దుటి నుంచి ఎవరికీ తగ్గని మనిషి ముఖం ఇప్పుడు చిన్నదయింది.

"లోపలికి రావడం అందుకే వచ్చినా. అది నిజం. చేయి చాపింది ఎందుకో నాకే తెలవడంల్యా." బిడ్డను ఎగదోసుకుంది. "నువ్వు ఎదురుగా ఉండావు. నా కళ్ళలోకి చూసినావు. నువ్వు చెప్పు రోజా. నువ్వేది చెప్తే రేపు ఆ తల్లి ముందర అదే చెప్తా. నేను ఆ బిడ్డను ఎందుకు తీసుకున్నా?"

ఆలోచించుకునే చాపినా. ఆ మాట రోజారమణి చెవుల్లో ఇంకా ఉంది. నీలం నూలు ఆమె పిడికిట్లో ఉంది.

బస్సు హారన్ కొట్టింది. నాగులమ్మ ఎక్కలేదు. జవాబు కోసం నిలబడింది.